తడి కార్పెట్ మీద ఫర్నిచర్ కాళ్ల మరకలు: మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ఒకే బాధ చుట్టూ తిరుగుతున్నాయి. కార్పెట్ శుభ్రంగా కడిగించారు, సామాను సర్దేశారు, రెండు మూడు రోజులకు కాళ్ల కింద మరకలు తేలాయి. చూడ్డానికి అన్నీ గోధుమ రంగువే అయినా పుట్టుక ఒకటి కాదు. చెక్క రంగుకు పనికొచ్చే మందు తుప్పు మీద పోస్తే కార్పెట్‌కు తూటు పడినా పడవచ్చు. అందుకే ఏ మరక దేనివల్ల పడిందో పోల్చుకునే పద్ధతి చెప్పాకే తీసే పద్ధతి చెబుతున్నాం.

ప్రశ్న: ఉదయం కార్పెట్ షాంపూ చేయించాం. సాయంత్రానికి చేత్తో తాకితే ఆరినట్టే అనిపించి టీపాయ్, కుర్చీలు ఎక్కడివక్కడ పెట్టేశాం. మూడో రోజు టీపాయ్ జరిపితే నాలుగు కాళ్ల కిందా ఎర్రగోధుమ రంగులో చదరపు మరకలు! సబ్బునీళ్లతో రుద్దితే పోకపోగా ఇంకాస్త పాకాయి. వీటిని తీసే దారి ఉందాండీ?

జవాబు: ఉంది. ముందు ఆ రుద్దడం ఆపండి. రుద్దితే రంగు పోగుల లోపలికి, పక్కలకు పాకుతుంది, పోగుల కొసలు చిట్లి ఆ చోటు ఎప్పటికీ మసకగా కనిపిస్తుంది. ఇక్కడి నుంచి చేసేదంతా అద్దడం, ఒత్తడం, పీల్చడమే.

మరక ఎలా పడిందో తెలిస్తే తీయడం తేలిక. కార్పెట్ పైన ఆరినా పోగుల మొదట్లో, అడుగు పొరలో తడి చాలాసేపు నిలిచి ఉంటుంది. టీపాయ్ బరువు ఆ తడిని పిండి పైకి తెచ్చింది. కాలు మూతలా కూర్చోవడంతో అది ఆవిరయ్యే వీలూ లేకపోయింది. కాలి అడుగు అంటే కర్రను అడ్డంగా కోసిన ముఖం. అక్కడ కర్రలోని సన్నని గొట్టాలన్నీ నోరు తెరుచుకుని ఉంటాయి. పక్కలకు నున్నగా పట్టించిన పాలిష్ అడుగుకు పట్టించడం అరుదు. ఆ గొట్టాలు నీటిని పీల్చుకుంటాయి. కర్రకు వేసిన రంగు, కర్రలో సహజంగా ఉండే టానిన్ అనే వగరు పదార్థం ఆ నీటిలో కరిగి కిందికి దిగుతాయి. పైగా కార్పెట్ షాంపూలు చాలావరకు క్షారగుణం ఉన్నవే. క్షారం తగిలితే లక్క పాలిష్ మెత్తబడుతుంది, టానిన్ రంగు ముదురుతుంది. మీరు మళ్లీ సబ్బునీళ్లు పెట్టినప్పుడు మరక పెరగడానికి కారణం ఇదే.

మొదట టీపాయ్ తీసి పక్కన పెట్టండి. తీయలేనంత బరువైతే కాలు కొద్దిగా ఎత్తి, రెండు మడతలు వేసిన అల్యూమినియం ఫాయిల్ దూర్చండి. ఇక పరీక్ష. తెల్లటి నూలుగుడ్డ కొసను 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి మరక అంచున 30 సెకన్లు ఒత్తి పట్టండి. గుడ్డకు రంగు అంటితే అది చెక్క రంగు గానీ పాలిష్ గానీ. అంటకపోతే ఇంకో అంచున వెనిగర్ నీళ్లు (కొలత కింద ఉంది) నాలుగు చుక్కలు వేసి 5 నిమిషాలు ఆగండి. పలచబడితే టానిన్. చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి. రెండిటికీ లొంగక నారింజ రంగులోనే ఉంటే తుప్పు అనుకోవాలి. దాని సంగతి తర్వాతి జవాబులో ఉంది.

ఏ మందైనా ముందుగా కార్పెట్‌లో కనపడని మూల, అంటే బీరువా కిందో తలుపు వెనకో, అరచెంచా వేసి చూడండి. 10 నిమిషాలయ్యాక తెల్లగుడ్డతో ఒత్తితే కార్పెట్ సొంత రంగు అంటకూడదు. పూర్తిగా ఆరాక కూడా ఒకసారి చూడండి. కొన్ని రంగుల్లో తేడా తడిలో తెలియదు.

చెక్క మరక తీయడంలో క్రమం ముఖ్యం. మొదట మీరు పెట్టిన సబ్బు పోవాలి. గోరువెచ్చని నీటిలో గుడ్డ ముంచి, పిండి, మరక మీద అద్ది, వెంటనే పొడిగుడ్డతో పీల్చండి. ఇలా రెండు మూడుసార్లు. తర్వాత 50 మి.లీ. తెల్ల వెనిగర్‌లో 100 మి.లీ. నీళ్లు కలపండి. నాలుగు మరకలకు ఇది చాలు. ఒక్కో మరక మీద ఒక టీస్పూను, అంటే 5 మి.లీ. వేసి, 5 నిమిషాలు ఉంచి, పీల్చేయండి. క్షారం విరిగి టానిన్ వదులవుతుంది. రంగు గుడ్డకు వస్తున్నంతసేపూ మళ్లీ మళ్లీ చేయవచ్చు.

తర్వాత ఆల్కహాల్. కిటికీలు తెరిచి, దగ్గర్లో దీపం, పొయ్యి, సిగరెట్ లేకుండా చూసుకోండి. మందు గుడ్డ మీద పోయాలి, కార్పెట్ మీద కాదు. మరక అంచు నుంచి నడిమికి అద్దుకుంటూ రండి. నడిమి నుంచి మొదలెడితే రంగు బయటికి పాకి వలయం మిగులుతుంది. అద్దిన ప్రతిసారీ గుడ్డలో శుభ్రమైన భాగం తిప్పుకోండి. లేదంటే తీసిన రంగునే తిరిగి దించినట్టవుతుంది. గుడ్డకు రంగు రావడం ఆగిందంటే ఈ మందుతో ఇక పని లేదు. పాలిష్ పొరలా గట్టిపడి ఉంటే మొదట చెంచా అంచుతో మెల్లగా గీకి పొడి చేయండి. చాలామంది ఈ దశలో థిన్నర్ అందుకుంటారు. వద్దు. కార్పెట్ రెండు అడుగు పొరలనూ కలిపి పట్టి ఉంచేది లేటెక్స్ జిగురు. థిన్నర్, అసిటోన్ లోపలికి దిగితే ఆ జిగురు మెత్తబడి పొరలు విడిపోతాయి. మరక పోయినా ఆ చోట కార్పెట్ బుడగలా లేస్తుంది, పోగులు ఊడతాయి.

ఇప్పుడు 250 మి.లీ. గోరువెచ్చని నీటిలో పావు టీస్పూను రంగులేని గిన్నెల సబ్బు ద్రవం కలిపి అద్ది, రెండుసార్లు మంచినీళ్లతో అద్ది తీసేయండి. పావు టీస్పూను మరీ తక్కువనిపిస్తుంది, కానీ అంతకు మించితే మిగిలిన సబ్బు జిగటగా మారి దుమ్మును లాక్కుంటుంది. నెల తిరగకుండా అదే చోట నల్లటి మచ్చ తయారవుతుంది.

ఇంతా చేశాక పలచని నీడలాంటిది మిగలవచ్చు. నైలాన్, పాలిస్టర్ కార్పెట్ అయితే, మూలలో పరీక్ష నెగ్గితే, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక టీస్పూను వేసి 30 నిమిషాలు ఉంచి, నీళ్లతో అద్ది తీయండి. ఆరాక చూసుకుని మరో రెండుసార్లు చేయవచ్చు. 3 శాతానికి మించిన గాఢత వాడకండి. అది కార్పెట్ రంగునే తినేస్తుంది.

చివరి పనిని చాలామంది వదిలేస్తారు, అసలు ఫలితం దానిలోనే ఉంది. తెల్ల తువ్వాళ్లను 2 సెం.మీ. మందాన మడతపెట్టి మరక మీద పరచి, పైన ప్లాస్టిక్ షీటు వేసి, 4, 5 కిలోల బరువు ఎత్తి రాత్రంతా ఉంచండి. అడుగున మిగిలిన రంగునీరు పైకి వస్తూ పోగుల కొసలో ఆగకుండా తువ్వాలులోకి ఎక్కుతుంది. తెల్లారి తువ్వాలు మీద గోధుమ రంగు వలయం కనిపిస్తే పని జరిగిందన్నమాట.

ప్రశ్న: మా ఇనుప బీరువా కాళ్ల కింద నారింజ రంగు మచ్చలు పడ్డాయి. బట్టల బ్లీచ్ వేయమని ఒకరు, నిమ్మకాయ ఉప్పు రుద్దమని ఒకరు చెబుతున్నారు. ఏది సరైనది?

జవాబు: బ్లీచ్ వేయకండి. ఇది తుప్పు. నీరు, గాలి తగిలి ఇనుము ఆక్సైడ్‌గా మారి పోగులకు పట్టుకుంది. బ్లీచ్ కూడా ఆక్సీకరణ చేసేదే. తుప్పును కరిగించలేదు, గట్టిపరచగలదు, చుట్టూ ఉన్న కార్పెట్ రంగును మాత్రం చెరిపేస్తుంది. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. బ్లీచ్ వేసిన చోట నిమ్మరసమో వెనిగరో పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. గదిలో ఉన్నవాళ్ల ఊపిరితిత్తులకు అది చేటు. ఇప్పటికే బ్లీచ్ వేసి ఉంటే నీళ్లతో బాగా కడిగి పీల్చేసి, మరుసటి రోజు వరకూ ఏ పులుపూ తగలనీయకండి.

పై జవాబులో చెప్పిన పెరాక్సైడ్ కూడా ఇక్కడ పనికిరాదు. ఇనుము సమక్షంలో పెరాక్సైడ్ ఒక్కసారిగా విరిగి, ఆ చోట పోగులనే కాలుస్తుంది. తుప్పు మచ్చ ఉన్నచోట రంగు వెలిసి, పోగు బలం తగ్గి, తర్వాత తొక్కుళ్లకు రాలిపోతుంది. గోధుమ మరక చెక్కదా, తుప్పుదా అని ముందే తేల్చుకోమనడం ఇందుకే.

తుప్పుకు మందు నిమ్మఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం పొడి. నిమ్మరసంలో పనిచేసేదీ అదే. కాకపోతే రసంలోని చక్కెర, గుజ్జు పోగుల్లో మిగిలి దుమ్ము పట్టిస్తాయి. పొడైతే కొలత చేతిలో ఉంటుంది. పక్కన మామూలు ఉప్పు కలపనక్కర్లేదు. అది కార్పెట్‌లో మిగిలితే తర్వాత అక్కడ పెట్టిన ఇనుప కాలు ఇంకా త్వరగా తుప్పు పడుతుంది.

మచ్చ పొడిగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి. చెంచా అంచుతో తట్టి, రాలిన తుప్పు పొడిని వ్యాక్యూమ్‌తో లాగేయండి. తడిపాక ఆ పొడి ఇంకో నాలుగు మరకలవుతుంది. 200 మి.లీ. గోరువెచ్చని నీటిలో 10 గ్రాముల నిమ్మఉప్పు, సుమారు రెండు టీస్పూన్లు, కరిగించండి. మచ్చ నిండేంత వేసి 10 నిమిషాలు తడి ఆరకుండా ఉంచండి. పసుపుపచ్చగా కరుగుతూ కనిపిస్తుంది. తెల్లగుడ్డతో పీల్చండి. మూడు నాలుగు విడతలు పట్టడం మామూలే, కాబట్టి మొదటి విడతకే గాఢత పెంచకండి. చివర మంచినీళ్లతో మూడుసార్లు అద్ది తీయండి. అడుగు పొర నూలు, జనపనార అయితే ఆమ్లం అందులోనే ఎండిపోకూడదు, పీచు పెళుసవుతుంది.

అప్పటికీ పోకపోతే ఆక్సాలిక్ ఆమ్లం ఇంకా బలంగా పనిచేస్తుంది, కానీ అది విషం. చేతి తొడుగులు, కంటి అద్దాలు లేకుండా, పిల్లలు, పెంపుడు జంతువులు తిరిగే గదిలో దాని జోలికి వెళ్లకండి. తుప్పు మందుల్లో కొన్నింటిలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం లేదా అమ్మోనియం బైఫ్లోరైడ్ ఉంటాయి. సీసా మీద ఈ పేర్లు కనిపిస్తే ఇంట్లో వాడకండి. చర్మానికి తగిలిన వెంటనే నొప్పి తెలియకపోవచ్చు, లోపలికి దిగి కణజాలాన్ని, ఎముకను కూడా దెబ్బతీస్తుంది. తగిలిందని అనుమానమున్నా ధారగా నీళ్లు పోస్తూ వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. అది తర్ఫీదు పొందినవాళ్లు వాడే సరుకు.

ఇక బీరువా కాళ్లు. తుప్పును గరుకు కాగితంతో గీకి, తుప్పు నిరోధక ప్రైమర్, పైన ఎనామిల్ పెయింట్ వేసి, కింద గట్టి ప్లాస్టిక్ కప్పులు తొడగండి. చెక్క ఫర్నిచర్ వాళ్లు కూడా ఓసారి కాలు తిరగేసి చూసుకోండి. చెక్క కాలి కింద కొట్టిన మెరుగు బిళ్లలు, మేకులు చాలావరకు ఇనుపవే. పైపూత అరిగితే అవీ తుప్పు మరకే వేస్తాయి. మరక గుండ్రంగా, రూపాయి బిళ్లకంటే చిన్నగా, కాలి నడిమిలో ఉంటే కర్రను కాక ఆ బిళ్లను అనుమానించండి.

ప్రశ్న: మరక తీసిన రోజు పూర్తిగా పోతుంది. మర్నాడు అదే చోట, అదే ఆకారంలో తిరిగొస్తుంది. మూడుసార్లు ఇలాగే జరిగింది.

జవాబు: మీరు పైనున్న మరకను తీశారు, అడుగున ఉన్నది అలాగే ఉంది. కార్పెట్ ఆరేటప్పుడు నీరు పోగుల కొసల నుంచి ఆవిరవుతుంది, దాని వెనకే అడుగు నీరు దీపం వత్తిలో నూనెలా పైకి పాకుతుంది. తనతో తెచ్చిన రంగును కొసలో వదిలేసి ఆవిరైపోతుంది. కాబట్టి ఎక్కువ నీళ్లు పోసిన కొద్దీ మరక బలంగా తిరిగొస్తుంది.

నాలుగోసారి నీళ్లు బాగా తగ్గించండి. మరకను వెనిగర్ నీళ్లతో కేవలం పోగుల సగం లోతు వరకే తడిపి, వెంటనే తువ్వాళ్ల మందపాటి దొంతర, పైన బరువు పెట్టండి. ఫ్యాను గాలి తగిలేలా ఉంచి, 8 గంటలకోసారి తువ్వాళ్లు మార్చండి. రెండు మూడు మార్పుల తర్వాత తువ్వాలు తెల్లగా వస్తే అడుగు ఖాళీ అయినట్టు. మరక కాళ్ల ఆకారంలో కాక గోడ అంచులంతా, గది మధ్యలో కూడా పలచని గోధుమ రంగులో ఉంటే అది ఫర్నిచర్ తప్పు కాదు. జనపనార లేదా నూలు అడుగు పొర ఎక్కువసేపు తడిసి, అందులోని రంగు పైకి తేలింది. దానికీ వెనిగర్ నీళ్లే, వెంటనే గాలి ఆడేలా ఆరబెట్టడమే.

ప్రశ్న: కుర్చీ కాళ్లకు తొడిగిన రబ్బరు బుష్‌ల కింద లేత పసుపు వలయాలు. సబ్బు, వెనిగర్, స్పిరిట్ ఏదీ పనిచేయలేదు.

జవాబు: ఇది పోయే మరక కాదు. రబ్బరు పగిలిపోకుండా తయారీలో కలిపే రక్షక రసాయనాలు నెమ్మదిగా పోగుల్లోకి ఇంకి, గాలి, వెలుతురు తగిలి పసుపు రంగుకు మారతాయి. రంగు పోగు పైన లేదు, పోగులోనే పుట్టింది. గట్టి మందులు వేస్తే కార్పెట్ రంగు పోతుందే తప్ప ఇది పోదు. ఫర్నిచర్ ఓ జానెడు జరిపి కప్పేయడం, లేదా గోడ అలమరా లోపలి కార్పెట్ ముక్క కోసి నిపుణుడి చేత అతుకు వేయించడం, ఈ రెండే దారులు. బుష్‌లు మాత్రం ఈ రోజే మార్చండి. తెల్ల రబ్బరైనా, పారదర్శకమైనదైనా నమ్మకం లేదు. నైలాన్ లేదా గట్టి ప్లాస్టిక్ మేలు.

ప్రశ్న: మాది ఉన్ని కార్పెట్ అని కొన్నప్పుడు చెప్పారు, నిజమో కాదో తెలియదు. ఈ మందులన్నీ దానికి పనికొస్తాయా?

జవాబు: ముందు నిజం తేల్చుకోండి. అంచు నుంచి రెండు మూడు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, సింకు పైన నిప్పు తగిలించండి. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మంట దానంతటదే ఆరుతుంది, మిగిలిన నల్లటి బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది. నైలాన్, పాలిస్టర్, పాలీప్రొపైలీన్ కరిగి గట్టి పూసగా మారతాయి. ఆ పూస వేడిగా ఉన్నప్పుడు ముట్టుకోకండి. కాగితంలా కాలి మెత్తని బూడిద మిగిలితే నూలు లేదా విస్కోస్ (పట్టులా మెరిసే కృత్రిమ పోగు). కరిగే పోగుల్లో తేడా తెలియాలంటే, ఒక చుక్క సబ్బు కలిపిన నీళ్లలో పోగు ముంచి వదలండి. పాలీప్రొపైలీన్ తేలుతుంది, మిగతా రెండూ మునుగుతాయి.

ఉన్నికి వెనిగర్ నీళ్లు, నిమ్మఉప్పు నీళ్లు, ఆల్కహాల్ మూడూ పనికొస్తాయి. నీరు 30 డిగ్రీలు దాటకూడదు. అమ్మోనియా, బట్టల సోడా వంటి క్షారాలు వద్దు. క్లోరిన్ బ్లీచ్ ఉన్నిని అక్షరాలా కరిగించేస్తుంది. ఎంజైమ్ ఉన్న డిటర్జెంట్లు కూడా వద్దు. మాంసకృత్తుల మరకలను తినే ఎంజైమే ఉన్నినీ తింటుంది, అదీ మాంసకృత్తే కదా. పెరాక్సైడ్ నిపుణులకే వదిలేయండి.

విస్కోస్ అని తేలితే మా సలహా ఒక్కటే: ఏమీ చేయకండి. ఉత్త నీళ్లు తగిలినా పోగు అణిగిపోయి పసుపు వలయం పడుతుంది. చేతితో ముడివేసిన ఖరీదైన తివాచీలకూ అదే మాట.

ప్రశ్న: సోఫా చక్రాల కింద నల్లటి జిడ్డు మరక. తడి గుడ్డతో తుడిస్తే కదలడం లేదు.

జవాబు: చక్రం ఇరుసు నుంచి కారిన నూనెలో లోహపు పొడి, దుమ్ము కలిసిన జిడ్డు అది. నీళ్లకు లొంగదు. ముందు పొడిగా చెంచాతో గీకి తీయండి. వాసన తక్కువగా ఉండే మినరల్ టర్పెంటాయిల్‌ను గుడ్డకు తగిలించి, కార్పెట్ తడవనంత పలచగా అద్దండి. గుడ్డ నల్లబడటం ఆగాక గిన్నెల సబ్బు నీళ్లు, తర్వాత మంచినీళ్లు. గాలి ఆడనివ్వండి, నిప్పు దూరంగా ఉంచండి. పాలీప్రొపైలీన్ కార్పెట్ నీటిరంగులను పెద్దగా పట్టదు కానీ నూనెను గట్టిగా పట్టుకుంటుంది. అక్కడ రెండింతలు ఓపిక కావాలి. నూనె వాడిన గుడ్డలను ఉండచుట్టి పడేయకండి, విప్పి బయట ఆరనివ్వండి.

ప్రశ్న: వచ్చే వారం కార్పెట్ కడిగిస్తున్నాం. ఈ తలనొప్పి రాకుండా కాళ్ల కింద ఏం పెట్టాలి? ఎన్ని గంటలు ఆగాలి?

జవాబు: అన్నిటికంటే మంచిది ఫర్నిచర్ ఆ గదిలోకి ఆ రోజు తిరిగి రాకపోవడం. నైలాన్, పాలిస్టర్ వంటివి గాలి బాగా ఆడితే 6 నుంచి 12 గంటల్లో ఆరతాయి. మందపాటి ఉన్నికి 24 గంటలో ఆ పైనో పడుతుంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజుల్లో ఈ లెక్కలేవీ నిలవవు. గంటలు చూడకండి, అడుగు చూడండి. పోగులను వేళ్లతో విడదీసి మొదట్లో తెల్ల టిష్యూ పెట్టి, మడమతో 10 సెకన్లు గట్టిగా తొక్కండి. టిష్యూ మీద మచ్చ కనిపిస్తే ఇంకా సమయం కాలేదు. ఎప్పుడూ ఎక్కువ సామాను ఉండే మూలలోనే ఈ పరీక్ష చేయండి. గది మధ్యలో ఆరినంత మాత్రాన మూల ఆరదు.

కడిగేవాళ్లను శుభ్రమైన నీళ్లతో ఒక విడత, నీళ్లు పోయకుండా యంత్రంతో ఉత్తినే పీల్చడం రెండు విడతలు చేయమని అడగండి. ఆ ఉత్త పీల్చుడు విడతలు ఆరే సమయాన్ని బాగా తగ్గిస్తాయి. తర్వాత ఫ్యాన్లను కార్పెట్‌కు సమాంతరంగా గాలి వీచేలా నేల మీద పెట్టండి. పైకప్పు ఫ్యాను ఒక్కటే సరిపోదు.

తప్పనిసరిగా సామాను తిరిగి పెట్టాల్సి వస్తే కాళ్ల కింద ఎత్తుగా ఉండే థర్మోకోల్ దిమ్మలు అన్నిటికంటే నయం. కాలికీ కార్పెట్‌కూ మధ్య రెండు అంగుళాలు ఖాళీ వచ్చి కింద గాలి ఆడుతుంది. బరువైన వాటికి దిమ్మ నలిగిపోతుంది కాబట్టి అల్యూమినియం ఫాయిల్ రెండు మడతలు, కాలి చుట్టూ 5 సెం.మీ. బయటికి వచ్చేలా వేయండి. కాలు కూసుగా ఉంటే ఫాయిల్ చిరుగుతుంది, పైన ప్లాస్టిక్ మూత పెట్టి దాని మీద కాలు దించండి. ఫాయిల్ కింద తడి ఆరదు కనుక 24 గంటల తర్వాత ఒకసారి జరిపి, ఆ చోటును ఆరనిచ్చి, కొత్త ఫాయిల్ వేసి మరో రోజు ఉంచండి.

వేయకూడనివి కూడా తెలియాలి, ఎందుకంటే రక్షణకని వేసినవే ఎక్కువ మరకలు చేస్తాయి. అట్టముక్క తడిస్తే తనే గోధుమ రంగు వదులుతుంది. వార్తాపత్రిక సిరా వదులుతుంది. అచ్చు వేసిన ప్లాస్టిక్ సంచి దాని బొమ్మనే కార్పెట్ మీద దించుతుంది. ముదురు రంగు ఫెల్ట్ బిళ్లలు తడి పీల్చి రంగు కారుస్తాయి. ఇప్పటికే కాళ్లకు ఫెల్ట్ అంటించి ఉంటే కడిగించే ముందు పీకేయండి.

ప్రశ్న: మరకలు పోయాయి కానీ కాళ్లు దిగిన గుంటలు అలాగే ఉన్నాయి.

జవాబు: ఉన్ని, నైలాన్ అయితే ఒక్కో గుంటలో ఒక ఐసు ముక్క పెట్టి కరగనివ్వండి. నీరు నిదానంగా పోగులోకి ఇంకి అది తిరిగి ఉబ్బుతుంది. నాలుగైదు గంటలయ్యాక తడి పీల్చి, వేళ్లతో పోగులు పైకి లేపి, పూర్తిగా ఆరనివ్వండి. ఆరేవరకు ఆ చోట కాలు పెట్టకూడదని మళ్లీ చెప్పక్కర్లేదు. రంగు కారే కార్పెట్లకు, విస్కోస్‌కు ఇది పనికిరాదు. పాలీప్రొపైలీన్ పోగుకు తిరిగి లేచే గుణం తక్కువ. ఆవిరి ఇస్త్రీపెట్టెను ఒక జానెడు ఎత్తున ఉంచి ఆవిరి మాత్రమే తగలనివ్వండి. ఆ పోగు 160 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది కాబట్టి పెట్టె ఎట్టి పరిస్థితిలోనూ తగలకూడదు. ఏళ్ల తరబడి బరువు మోసిన గుంట పూర్తిగా లేవదు, సగమైనా లేస్తే మంచిదే.

ప్రశ్న: కార్పెట్ బాగయింది. టీపాయ్ కాళ్లనే శాశ్వతంగా బాగుచేసే మార్గం ఉందా?

జవాబు: ఉంది, సుమారు వారం రోజుల పని. టీపాయ్ తిరగేసి, కాళ్ల అడుగులు 48 గంటలు గాలికి ఆరనివ్వండి. తడి మీద పూత వేస్తే పొరలుగా లేస్తుంది. 180 నంబరు గరుకు కాగితంతో నున్నగా రుద్ది, దుమ్ము తుడిచి, రంగులేని పాలీయురేథేన్ వార్నిష్ పట్టించండి. మొదటి పూతను కర్ర మొత్తం పీల్చేసుకుంటుంది, అది మామూలే. డబ్బా మీద చెప్పినంత విరామం ఇస్తూ, అడుగు అద్దంలా మెరిసేదాకా మూడు పూతలు వేయండి. అంచుల చుట్టూ పైకి 1 సెం.మీ. వరకు తీసుకెళ్లండి, నీరు ముందుగా దూరేది ఆ అంచు దగ్గరే. ఆఖరి పూత చేతికి అంటకపోయినా లోపల గట్టిపడటానికి ఇంకా రోజులు పడుతుంది. కనీసం మూడు రోజులు ఆగి, తర్వాత గట్టి ప్లాస్టిక్ బిళ్లలు బిగించి, అప్పుడు కార్పెట్ మీదికి దించండి. వార్నిష్ పచ్చిగా ఉండగానే దించితే పోగులు దానికి అతుక్కుని, టీపాయ్ జరిపినప్పుడు ఊడి వస్తాయి.